రెండు అగ్రరాజ్యాల నడుమ మాగాయ

మా ఇల్లు ఒక చిన్నదేశమని మాకు మే నెలలో తెలిసింది. అంతవరకూ దాన్ని ఇల్లే అనుకున్నాం.

కాకినాడలో మాది పాతకాలపు డాబా ఇల్లు. తూర్పున శిఖర టవర్స్, పడమట గౌతమీ హైట్స్ లేచాక అది రెండు బీరువాల మధ్య వేసిన పీటలా అయిపోయింది. పొద్దుటి ఎండను శిఖర వాళ్ళు ఆపేస్తారు. సాయంత్రపు ఎండను గౌతమీ వాళ్ళు ఆపేస్తారు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు మాత్రం ఆపడం ఎవరివల్లా కాదు కాబట్టి, ఆ కాస్త ఎండా మాది. మా వడియాలూ, ఎండుమిరపకాయలూ, పప్పులూ దానిమీదే బతుకుతున్నాయి.

ఓ ఆదివారం సాయంత్రం శిఖర టవర్స్ సెల్లారులో ఉపన్యాసం పెట్టారు. విషయం, మన దేశం అగ్రరాజ్యం ఎప్పుడవుతుంది అని. ఈ మధ్య ఈ ప్రశ్న పెళ్ళి భోజనాల బంతిలో కూడా వినిపిస్తోంది. ఉపన్యాసం తర్వాత ఐస్‌క్రీం అన్నారు గనక ఇరుగుపొరుగు వాళ్ళం కూడా వెళ్ళాం. వచ్చిన ప్రొఫెసరు గారు ఓపిగ్గా చెప్పారు. అగ్రరాజ్యమంటే సైన్యం ఒక్కటే కాదు, దాని మాట దాని సరిహద్దు దాటి చెల్లాలి, చుట్టుపక్కల ఏ వ్యవహారమూ దాన్ని అడక్కుండా తేలకూడదు, చిన్నదేశాలకు అది రక్షణ ఛత్రం పట్టాలి, అన్నిటికన్నా ముఖ్యం ఇతర దేశాలు దాన్ని అగ్రరాజ్యంగా గుర్తించాలి, తనకు తాను అనుకుంటే చాలదు. ఇదంతా నేను బి.ఏ.లో చదివాను. పరీక్షలో వచ్చింది కూడా. ఇంటిమీదికి వస్తుందని మాత్రం అప్పుడు అనుకోలేదు.

ప్రొఫెసరు గారు కూర్చోగానే పేరిచర్ల నరసింహరాజు గారు లేచారు. ఆయన శిఖర టవర్స్ సంఘం అధ్యక్షులు. నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైనా సమీక్షా సమావేశం లేకుండా ఆయనకు టిఫిను దిగదు.

"దేశం సంగతి ఢిల్లీ వాళ్ళు చూసుకుంటారండి," అన్నారాయన. "మన పరిధిలో మనం ఏం చేశాం అన్నది ప్రశ్న. మనకి జనాభా ఉందండి. బోరు ఉంది. సెక్యూరిటీ ఉంది. పార్కింగు విషయంలో అంతర్గత శాంతి నెలకొని ఉంది. ఇన్ని అర్హతలున్నా శిఖర టవర్స్ ఇంకా మామూలు అపార్ట్‌మెంటుగానే చెలామణీ కావడం విచారకరం."

మూడో అంతస్తు వరలక్ష్మి గారు సందేహం వెలిబుచ్చారు. "అణుబాంబు ఉండాలేమోనండి?"

"మన జెనరేటర్ ఆన్ చేస్తే వీధి చివర్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారండి. ఇంకా ఏం కావాలి?"

శిఖర టవర్స్‌ను తక్షణం అగ్రరాజ్యంగా ప్రకటిస్తూ తీర్మానం పెట్టారు. ఐస్‌క్రీం కరిగిపోతోంది కాబట్టి అది ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో అంతకన్నా పెద్ద వ్యవహారం నడుస్తోంది. ఏటా మాగాయ పెట్టేది మా అత్తగారు. నేను కాపరానికి వచ్చినప్పట్నుంచీ ఆ పనిలో నా హోదా కాకుల్ని తోలడం. ముక్క తరగడానికి కూడా ఆవిడ నన్ను నమ్మలేదు. ఈ ఏడు ఆవిడ కుడిభుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు. డాక్టరు పిండే పనులు, రుబ్బే పనులు వద్దన్నాడు. ఆవిడ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మామిడికాయల బుట్ట నా ముందుకి కాలితో తోసి, "ఈ ఏడు నువ్వు పెట్టు. నేను ఏమీ అనను," అంది.

ఏమీ అనను అని మా అత్తగారు అన్నదంటే, చూస్తూ ఉంటానని అర్థం.

మాగాయ సంగతి తెలిసిన వాళ్ళకు నా గుండెదడ అర్థమవుతుంది. కాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, జాడీకి ఎత్తి మూతికి గుడ్డతో వాసెన కడతాం. మూడో రోజుకి ముక్కలు ఊట వదులుతాయి. అప్పుడు వాటిని పిండి, గుడ్డమీద పరిచి ఎండలో పెట్టాలి. ఆ ఎండ చాలకపోయిందా, ముక్క బూజు పట్టి జాడీ మొత్తం పారబోసుకోవడమే. పారబోసిన కోడలికి మరో ఏడు బుట్ట రాదు.

నేను జాడీకి వాసెన కట్టి చేతులు కడుక్కుంటుండగా చల్లా దివాకరం గారు వచ్చారు. ఆయన శిఖర టవర్స్ కార్యదర్శి. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు.

"మేడమ్, ఒక లాంఛనం మీద వచ్చాను," అన్నారు. "మీ ఇల్లు మా ప్రభావ పరిధిలోకి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తమరు మమ్మల్ని అగ్రరాజ్యంగా గుర్తిస్తున్నట్టు ఒక మాట అనేస్తే సరిపోతుంది."

అత్తగారు ఉయ్యాలబల్ల ఆపింది. "ఏవిటోయ్ అబ్బాయ్? మేం ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు మీ బిల్డింగు ఉన్నచోట చేమదుంపల మడి ఉండేది. మీరొచ్చి మా పక్కన నిలబడ్డారు గానీ, మేమెప్పుడొచ్చాం మీ పరిధిలోకి?"

"పరిధి అంటే అది దానంతటదే విస్తరిస్తుంది మామ్మగారూ."

"సరే, మేం గుర్తించం. అప్పుడేమవుతుంది?"

"ఏమీ కాదండి. మీరు గుర్తించకపోయినా మాది అగ్రరాజ్యమే."

"మరింకెందుకూ మమ్మల్ని అడగడం?"

దివాకరం గారు ఆలోచించారు. "మీరు గుర్తించకపోతే ఆ సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియదండి."

"మా అబ్బాయి బ్యాంకు నుంచి రానీ," అని అత్తగారు మళ్ళీ ఉయ్యాల ఊగడం మొదలుపెట్టింది.

మావారు వచ్చారు. మొత్తం విన్నారు. వాళ్ళమ్మకూ నాకూ మధ్య ఆయన పెళ్ళిపీటల మీంచి లేచినప్పటినుంచీ అలీన విధానం అవలంబిస్తున్నారు. అనుభవజ్ఞులు. "ఇద్దరికీ మంచిగా ఉందాం," అన్నారు.

"ఇద్దరెవరండీ? వచ్చింది ఒకళ్ళే కదా."

"రెండోవాళ్ళు వస్తార్లే," అన్నారు కాళ్ళు కడుక్కుంటూ.

వచ్చారు. గౌతమీ హైట్స్ అధ్యక్షురాలు డాక్టర్ మేడిశెట్టి భ్రమరాంబ గారు స్వయంగా వచ్చారు. ఆవిడ పళ్ళ డాక్టరు. ప్రాక్టీసు మానేశారు గానీ, మాట్లాడేటప్పుడు ఇప్పటికీ మన కళ్ళలోకి కాక నోట్లోకి చూస్తారు. "శిఖర వాళ్ళు ఏకపక్షంగా అగ్రరాజ్యం ప్రకటించుకోవడం ఈ వీధి శక్తి సమతుల్యానికి గొడ్డలిపెట్టు. అందువల్ల గత్యంతరం లేక మేమూ అగ్రరాజ్యమయ్యాం," అన్నారు. "మీ పై పన్ను కొంచెం కదులుతున్నట్టుంది, చూపించుకోండి," అని కూడా అన్నారు. అది సాయం కింద లెక్క.

ఆ మర్నాటినుంచి సాయం వెల్లువెత్తింది. శిఖర వాళ్ళ వాచ్‌మన్ వచ్చి మా మల్లెమొక్కకు నీళ్ళు పోసి ఫోటో తీసుకున్నాడు. అది తెలిసి గౌతమీ వాళ్ళ వాచ్‌మన్ వచ్చి రెండు బకెట్లు పోశాడు. శిఖర వాళ్ళు ఏకంగా పైపు పట్టారు. రెండు దేశాల మానవతా దృక్పథం కింద నానిపోయి మొక్క చచ్చిపోయింది. దాని మృతికి అవతలివాళ్ళే పూర్తి బాధ్యత వహించాలని ఇద్దరూ మా గుమ్మంలోనే ప్రకటించారు.

మొక్కతో పోతే నేను ఏమీ అనకపోదును. ఆ సాయంత్రం బట్టలు తీసుకుందామని డాబా ఎక్కేసరికి నెత్తిమీద ఆకాశం లేదు. తూర్పు సగంమీద నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ వల, రెండు పొరలు, శిఖర బాల్కనీల నుంచి మా పిట్టగోడ దాకా లాగి కట్టేసి ఉంది. పడమటి సగంమీద గౌతమీ వాళ్ళది నీలం టార్పాలిన్ బరకం. మధ్యలో రెండూ జానెడు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అక్కడ ఎవరిది పైన ఉండాలన్న దానిమీద ఇద్దరు వాచ్‌మన్లూ తాళ్ళు పట్టుకుని గుంజుకుంటున్నారు.

"ఏవిటిది నాయనా?" అన్నాను.

"రక్షణ సత్రం అంటండి," అన్నాడు శిఖర వాచ్‌మన్ చెమట తుడుచుకుంటూ. "మిమ్మల్ని ఆళ్ళనుంచి కాపాడతాకండి."

"మేవూ అంతేనండి, ఈళ్ళనుంచి," అన్నాడు గౌతమీ వాచ్‌మన్.

మర్నాడు నడిమధ్యాహ్నం డాబా మీద దీపాలవేళలా ఉంది. అత్తగారు మెట్లెక్కి వచ్చి చూసింది. తూర్పున నిలబడితే ఆవిడ పచ్చగా ఉంది, పడమటికి జరిగితే నీలంగా ఉంది. కిందికి దిగి జాడీ దగ్గర కూర్చుని, వాసెన కాస్త పైకెత్తి వాసన చూసి, మళ్ళీ కట్టేసింది. ముక్కలు ఊట వదిలేశాయి.

నేను రాజుగారి ఇంటికి వెళ్ళాను. "మా మాగాయ ముక్కలు ఎండలో పెట్టాలండి. ఆ వల ఒక్కరోజు తీయించండి."

"చూడండమ్మా," అన్నారాయన సానుభూతిగా. "మాగాయ ప్రాముఖ్యాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. మా ఇంట్లోనూ తింటాం. కానీ ఛత్రం తీయడమంటే మిమ్మల్ని శత్రువుకి అప్పగించడమే. అవతలి పక్షం బరకం తీసినట్టు నిర్ధారణ అయిన మీదట, మా వల విషయం సానుకూలంగా పరిశీలిస్తాం."

భ్రమరాంబ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా పంటివంక చూస్తూ, "వాళ్ళు ముందు తియ్యనివ్వండి," అన్నారు. "ముందు తీసినవాళ్ళు భయపడ్డట్టు."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే తప్ప తేలదని, తటస్థ ప్రదేశమని మా హాల్లోనే శిఖరాగ్ర సమావేశం ఏర్పాటైంది. "శిఖరాగ్ర" అన్నమాట వాడితే అవతలి పక్షానికి అనుకూలమవుతుందని గౌతమీ వాళ్ళు అభ్యంతరం తెలిపారు. దానికి కొంతసేపు పట్టింది. మా హాల్లో ఫ్యాను ఒక్కటే. దాని కింద ఎవరు కూర్చోవాలన్న దానికి మరికొంతసేపు పట్టింది. చివరికి సమానత్వ సూత్రం ప్రకారం ఫ్యాను ఆపేయాలని ఒప్పందం కుదిరింది. అది ఆ రోజు కుదిరిన ఒకే ఒప్పందం. నేను టీలు ఇస్తూనే ఉన్నాను. ఎవరికి ముందు ఇస్తే ఏమవుతుందోనని రెండు చేతులతో రెండు కప్పులు ఒకేసారి చాపడం అలవాటు చేసుకున్నాను.

పొద్దు వాలాక సంయుక్త ప్రకటన వెలువడింది. దివాకరం గారు లేచి నిలబడి చెప్పారు. "మాగాయ పరిస్థితి మీద ఇరుపక్షాలూ తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాయి. ఈ సున్నితమైన దశలో ముక్కలు సంయమనం పాటించాలని పిలుపునిచ్చాయి."

"పాటించవు నాయనా," అంది అత్తగారు లోపల్నించి. "రేపు దాటితే ఇంక చూడక్కర్లేదు." నాతో అన్నది కాదు. నాతో ఏమీ అననని మాటిచ్చింది కదా. తలుపుతో అంది.

ఆ రాత్రి మావారితో అన్నాను, "మీరు ఒక్కసారి వాళ్ళతో గట్టిగా మాట్లాడొచ్చు కదండీ."

"ఎవరితో?"

"ఇద్దరితోనూ."

"అప్పుడు ఇద్దరికీ చెడ్డవుతాం," అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

పొద్దున్నే లేచి ముక్కలు పిండాను. గుడ్డ వేసిన పళ్ళెంలోకి ఎత్తి, నెత్తిన పెట్టుకుని, శిఖర టవర్స్ గేటు దగ్గరికి వెళ్ళాను. నా దేశంలో ఎండ లేదు. ఎండ లేని దేశస్థులు ఎండ ఉన్న దేశానికి వలస పోవడం లోకంలో ఉన్నదే.

రాజుగారు లుంగీతోనే కిందికి వచ్చారు. "శరణార్థులా?" అన్నారు, ముఖం గంభీరంగా పెట్టి. "శరణార్థుల విషయంలో మాది ఎప్పుడూ ఉదార విధానమేనండి. సూత్రప్రాయంగా మిమ్మల్ని స్వాగతిస్తున్నాం."

"సంతోషమండి. లిఫ్టు ఎటు?"

"సూత్రప్రాయంగా అన్నానమ్మా. ఆచరణలో మా టెర్రస్ మీద చోటు లేదు."

"అంతా ఖాళీగానే ఉంది కదండీ. మా డాబా మీంచి కనిపిస్తూనే ఉంది."

"అది వ్యూహాత్మక ఖాళీ."

గౌతమీ హైట్స్‌కు వెళ్ళాను. భ్రమరాంబ గారు పళ్ళెంలోకి చూసి, "ముక్కలు చాలా బాగా తరిగారు," అని మెచ్చుకున్నారు. "కానీ శిఖర వాళ్ళు పొమ్మన్న వాళ్ళను మేం రమ్మంటే, పంపించే అధికారం వాళ్ళకున్నట్టు ఒప్పుకున్నట్టే కదా. మీరు మళ్ళీ అక్కడికే వెళ్ళండి. మీ వెనక మేమున్నాం."

పళ్ళెం దించి వీధి మధ్యలో నిలబడ్డాను. అటు ఎండ, ఇటు ఎండ, మా ఇంటిమీద మాత్రం సాయంకాలం. ముక్కల్లోంచి పులిసిన వాసన సన్నగా మొదలైంది. నిజం చెప్పొద్దూ, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక్క ఏడు ఇచ్చారు నాకు ఆ బుట్ట. ఒకే ఒక్క ఏడు.

దివాకరం గారు అప్పుడే స్కూటరు తీస్తున్నారు. నన్ను చూసి ఆగారు. "మేడమ్, ఆ గుర్తింపు కార్యక్రమం ఎప్పుడు పెట్టుకుందామంటారు? పేపరు ఫోటోగ్రాఫర్ని రాజుగారు మాట్లాడి ఉంచారు. ఫోటో పడకపోతే గుర్తింపుకి విలువ ఉండదు కదా."

"ఫోటో తీస్తారా?" అన్నాను.

"ఫోటో కోసమే కదండీ ఇదంతా."

నిన్న డాబామీద పచ్చగా ఒకసారి, నీలంగా ఒకసారి కనబడిన మా అత్తగారి మొహం గుర్తొచ్చింది. "ఇవాళ మధ్యాహ్నమే పెట్టుకుందాం," అన్నాను. "మా డాబా మీద. తమ వాళ్ళందరినీ తీసుకురండి." వీధి దాటి భ్రమరాంబ గారికి కూడా సరిగ్గా అదే మాట చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

మధ్యాహ్నానికి రెండు పక్షాలూ డాబా ఎక్కాయి. రాజుగారు ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. భ్రమరాంబ గారు కంచిపట్టు. అవతలివాళ్ళు కూడా ఉండటం చూసి ఇద్దరూ నావైపు చూశారు. "ముందు ఫోటో కానివ్వండి," అన్నాను.

ఫోటోగ్రాఫరు నూకరాజు కెమెరా కంటికి పెట్టి దించాడు. మళ్ళీ పెట్టి మళ్ళీ దించాడు.

"ఏమైందోయ్?" అన్నారు రాజుగారు.

"తమరు పచ్చగా వస్తన్నారండి."

"పచ్చగానా?"

"కామెర్లు ముదిరినట్టుందండి. డాక్టరమ్మగారేమో నీలవండి. పళ్ళయితే మరీనండి బాబూ, సిరాబుడ్డి తాగినట్టున్నాయండి."

భ్రమరాంబ గారు గభాల్న నోరు మూసేశారు. ఎన్నో ఏళ్ళు జనం పళ్ళు తెల్లగా చేసిన మనిషి. ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే, "బరకం విప్పించండి," అన్నారు. "ఇది ఉపసంహరణ కాదు. ఛాయాచిత్ర నిమిత్తం తాత్కాలిక సర్దుబాటు."

బరకం విప్పారు. పడమటి సగం మీద ఎండ ఒక్కసారిగా పడింది. ఆవిడ పట్టుచీర జరీ తళతళలాడింది.

"ఇప్పుడు డాక్టరమ్మగారు మాలచ్చిమి లాగున్నారండి," అన్నాడు నూకరాజు. "తమరు మాత్రం ఇంకా..."

"చెప్పకు," అన్నారు రాజుగారు. "వల తియ్యండర్రా."

ఇద్దరి ఛత్రాలూ పోయాయి. మా డాబా మీదికి మా ఎండ వచ్చింది. వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది. "చూస్తావేవిటే, పరిచెయ్!" నేను చాపమీద గుడ్డ వేసి, వాళ్ళ కాళ్ళ మధ్యనుంచే ముక్కలన్నీ పరిచేశాను. నూకరాజు టకటకా నాలుగు ఫోటోలు తీసుకుని, ఇంకో కార్యక్రమం ఉందని వెళ్ళిపోయాడు.

"ఇక గుర్తించండమ్మా," అన్నారు రాజుగారు.

పనయిపోతే మళ్ళీ వల కడతారని నాకు తెలుసు. ముక్కలకు ఇంకా వేడయినా తగల్లేదు. "తప్పకుండానండి," అన్నాను. "ఒక్క సందేహం. ఇద్దరూ అగ్రరాజ్యమే అంటున్నారు. నేను చిన్నదాన్ని. అగ్రరాజ్యమంటే ఏమిటో, తమరు ఎలా అయ్యారో వివరిస్తే, విని గుర్తిస్తాను. తొందరేం లేదు. ఎంతసేపైనా చెప్పండి."

ఎంతసేపైనా అన్నమాట సంఘాల అధ్యక్షులకు ఎవరూ చెప్పి ఉండరు. రాజుగారు కండువా సవరించుకుని చారిత్రక నేపథ్యం నుంచి అందుకున్నారు. ఆయన గుక్క తిప్పుకోగానే భ్రమరాంబ గారు భౌగోళిక ప్రాధాన్యం ఎత్తుకున్నారు. ముందు ఆపినవాళ్ళు ఓడినట్టు కాబట్టి ఎవరూ ఆపలేదు. వెంట వచ్చిన పౌరులు ఎండకు ఒక్కొక్కరే మెట్లవైపు జరిగి మాయమయ్యారు. దివాకరం గారు మాత్రం రుమాలు నెత్తిన వేసుకుని నిలబడ్డారు.

మేలో కాకినాడ ఎండ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

"రాజుగారూ," అంది అత్తగారు మెట్ల నీడలోంచి. "మాట్లాడుతూనే ఆ మూల ముక్కలు కాస్త తిరగెయ్యండి బాబూ. చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా."

ఆయన ఉపన్యాసం ఆపకుండానే గొంతుక్కూర్చుని తిరగేశారు. అది చూసి భ్రమరాంబ గారు పట్టుచీర ఎగ్గట్టి తమవైపు ముక్కలన్నీ తిరగేశారు. "మా వైపు ముందు ఎండుతున్నాయి, గమనించగలరు," అన్నారు. కాకి వాలబోతే ఇద్దరూ లేచి తోలారు. ఆ కాకిని ఎవరు తోలారన్న దానిమీద వాగ్వాదం జరిగింది. మజ్జిగ ఇవ్వబోతే ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. పుచ్చుకుంటే సాయం తీసుకున్న దేశమైపోతారట.

మధ్యాహ్నం ముదిరేకొద్దీ వాదాలు చిక్కిపోయాయి. చారిత్రక నేపథ్యం ఆవిరైంది.

"మా లిఫ్టులో అద్దం ఉందండి," అన్నారు రాజుగారు, పెదవులు తడుపుకుంటూ.

"మా లిఫ్టులో అద్దమూ ఉంది, పాటా వస్తుంది."

"మా మెట్లు... గ్రానైటు."

"మావి కూడా."

"మావి ఇంకా..." అని ఆయన ఆ మాట వెతుక్కుని దొరక్క వదిలేశారు.

సూర్యుడు గౌతమీ హైట్స్ వెనక్కి వెళ్ళేదాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. డాబా మీద నీడ పాకింది. అత్తగారు ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చి, ఒక ముక్క తీసి, ఎడమచేతి వేళ్ళతో వంచి చూసింది. అది ఒరుగులా వంగి ఆగింది. "చాలు, ఎత్తెయ్," అంది. తర్వాత వాళ్ళిద్దరినీ చూసింది. వాళ్ళూ దాదాపు అదే పాకంలో ఉన్నారు. "మీరు కూడా కిందికి రండి నాయనా. అమ్మా, నువ్వూ రా. మజ్జిగ తాగుదురుగాని."

వచ్చారు. ఎవరు ముందు తాగారో నేను చెప్పలేను. ఫ్యాను కింద ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు.

"మేడమ్, మరి గుర్తింపు..." అన్నారు దివాకరం గారు.

రాజుగారు చెయ్యెత్తి వారించారు. గొంతు రాలేదు. భ్రమరాంబ గారు ఖాళీ గ్లాసు మళ్ళీ చాపారు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ముక్కలు చక్కగా పడ్డాయి. కింద "భానుడి భగభగ: కాకినాడలో ఓ డాబాపై ఎండకు అల్లాడుతున్న వృద్ధులు" అని రాశారు. వల, బరకం మళ్ళీ కట్టడానికి ఎవరూ రాలేదు. పైగా వీధికి ఎండను పునరుద్ధరించిన ఘనత తమదేనని శిఖర వాళ్ళు ప్రకటించారు. కాదు తమదని గౌతమీ వాళ్ళు ఖండించారు. ప్రస్తుతం మా డాబా మీది ఎండ ఎవరిదన్న దానిమీద చర్చలు నడుస్తున్నాయి. ఇద్దరికీ మంచిగానే ఉన్నామని మావారు ధ్రువీకరించారు.

ముక్కలు ఊటలో వేసి, కారం, మెంతిపిండి కలిపి, ఇంగువ పోపు పెట్టాను. రెండు రోజులు ఊరనిచ్చి, వేడి అన్నంతో అత్తగారికి కంచంలో వడ్డించాను. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ నమిలింది. మింగింది. ఏమీ అనలేదు. రెండో ముద్ద కలుపుకుంది. మూడో ముద్దప్పుడు, "నువ్వూ కూర్చో, చల్లారిపోతోంది," అంది.

కూర్చున్నానో లేదో అమలాపురం నుంచి ఆవిడ చెల్లెలు ఫోను చేసింది. అత్తగారు ఎడమచేత్తో తీసి చెవికి పెట్టుకుంది. అవతలి మాటలు నాకూ వినబడుతున్నాయి.

"భుజం పట్టేసిందన్నావు, ఈ ఏడు మాగాయ లేనట్టేనా అక్కా?"

"ఎందుకు లేదూ? పెట్టానుగా. ఇప్పుడే తింటున్నా."

"ఎలా కుదిరింది?"

"నేను పెట్టినవి ఎప్పుడు కుదరలేదే?" అంది అత్తగారు. "సీసా పంపిస్తాలే."

ఫోను పక్కన పెట్టి, జాడీ తనవైపుకి లాక్కుని, నా కంచంలోకి చూసింది. "అదేవిటే, ఒక్క ముక్కే వేసుకున్నావు? ఇదిగో, ఇంకోటి వేసుకో," అని తన చేత్తో వేసింది.

వేయించుకున్నాను.